వంశచరిత్రలలో కానరానివారు

కశింకోటలో మా బడిపిల్లలు వ్రాసి తెచ్చిన వంశచరిత్రలను చదివితిమి. పెక్కింటి మొదటి పుటలో సూర్యవంశమో చంద్రవంశమో కలదు. అమ్మమ్మ పుట్టినయూరు మాత్రము దాదాపు ఎందును లేదు.

తప్పు పిల్లలది కాదు, మాదిరులది. 1821లో గతించిన కాలిన్ మెకంజీకై కావలి సోదరులు మొదలగువారు సేకరించిన కైఫీయతులు మనకు పెన్నిధి. అయినను వానిలో దేవస్థానములును, ఈనాములును, దొరల వంశములును నిండినంతగా కూలివాని కుటుంబము కానరాదు. పిచ్చికుంట్లవారు వాకిట నిలిచి వంశక్రమమును పాడెడివారు; వారిని బిచ్చగాండ్రని తఱిమిన యిండ్లవారే నేడు ముత్తాతపేరుకై కచేరీల చుట్టు తిరుగుచున్నారు!

ఇంటిపేరు తఱచుగా నొక యూరిపేరే గనుక వలసజాడ దానివలన దొరకవచ్చును. కాని స్త్రీకది పెండ్లితో మాఱుటచే, పుట్టింటిపేరును ముసలివారు బ్రతికియుండగనే అడిగి వ్రాసికొనవలెను. భూమి దస్త్రములు ఆ పిమ్మట.

ఒక బాలిక అరపుటయే వ్రాసినది: పాడేరు కొండలనుండి కూలికై దిగివచ్చిన నాయనమ్మ పేరు, ఆమె చెప్పిన మూడూళ్ళు, ‘తక్కినది తెలియదు’ అను మాట. తెలియనిదానిని తెలియదని వ్రాసిన చరిత్ర అదొక్కటే. దానిని తరగతిలో చదివించితిమి. మఱునాడు ఆమె తండ్రి వచ్చి, ఇంటిగుట్టు వీథిలో పెట్టితిరేమని నొచ్చుకొనెను. ఆయనకేమి చెప్పవలెనో మాకింకను తోచలేదు.