గొగోల్ గుమాస్తా కొవ్వొత్తి

మా పాఠశాలలో రెండేండ్ల క్రిందట చేరిన యొక చిన్నవాడు మొన్న సాయంకాలపు తరగతి ముగించి, చేతుల సుద్దపొడి దులుపుకొనకయే నాయొద్దకు వచ్చి కూర్చుండెను. ఉదయము ఎనిమిదిన్నరకు బడికి వచ్చినవాడు రాత్రి ఎనిమిదైనను ఇల్లు చేరలేదు. పగటి పాఠములకు జీతము గలదు. సాయంకాలపు తరగతికి లేదు. "మాస్టారూ, డబ్బు రాని పనికి రోజూ మనసెట్లా తెచ్చుకోవాలండీ? మీరిన్నేళ్లనుంచీ ఎట్లా తెచ్చుకుంటున్నారు?" అని యడిగెను.

అతనిచేతిలో నొక చిన్న పుస్తకముండెను. ఉపాధ్యాయ శిక్షణ శిబిరమున మాకందఱకును పంచిపెట్టినది. పనియందు ఉత్సాహము సన్నగిల్లకుండుటకు అందులో పెక్కు ఉపాయములు చెప్పబడినవి: వేకువనే లేచుట, కొలువు దొరకినందుకు కృతజ్ఞత కలిగియుండుట, పనిని పూజగా భావించుట, ఫలమును కోరకుండుట. మొదటినుండి తుదివఱకు వెదకితిని. జీతమను మాట ఎక్కడను లేదు. ఆకలిని గూర్చి వ్రాసి అన్నమును మఱచిన గ్రంథమువలె నున్నది.

అతనికి వెంటనే బదులు చెప్పలేక, మఱునాడు గొగోల్ వ్రాసిన ఓవర్‌కోటు కథ తెచ్చియిచ్చితిని. ఆ కథను మరల చదువగా నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాయుచున్నాను.

ఈ కథ 1842లో వెలువడినది. నాయకుడు అకాకి అకాకియెవిచ్ అను గుమాస్తా. పీటర్స్‌బర్గు నగరమున నొక ప్రభుత్వపు కచేరిలో నకళ్లు వ్రాయుట అతని పని. ఏడాదికి 400 రూబుళ్లు జీతము. తోడి గుమాస్తాలు కాగితములు చించి అతని తలపై చల్లి మంచు కురియుచున్నదని నవ్వుదురు. చలికాగని పాతకోటు మార్చుకొనుటకై అతడు కడుపు మాడ్చుకొని సొమ్ము కూర్చును. క్రొత్తకోటు తొడిగిన రాత్రియే దొంగలు దానిని లాగికొందురు. మొఱపెట్టుకొనబోగా నొక పెద్ద యధికారి గద్దించి వెడలగొట్టును. అతడు జ్వరపడి చనిపోయి, దయ్యమై, దారిని పోవువారి కోట్లు లాగుచుండునని ఊరిలో వాడుక పుట్టును.

దీనిని కరుణకథయని మెచ్చినవారు పెక్కురు. ఆ కరుణను నేను కాదనను. కాని కేవలము జాలితో చదువువారు ఒక పొరపాటు చేయుచున్నారు. అకాకికి తన పనియందు గల ప్రేమను వారు మందబుద్ధికి గుఱుతుగా త్రోసివేయుదురు. గొగోల్ అట్లు వ్రాయలేదు. ఆ గుమాస్తాకు కొన్ని యక్షరములనిన ప్రాణము. వ్రాయుచుండగా నవి యెదురుపడినపుడు అతని మొగము వికసించును, కన్ను గీటును, పెదవులు కదలును. ఏ యక్షరము వ్రాయుచున్నాడో అతని మొగము చూచి చెప్పవచ్చునట. దయగల పై యధికారి యొకరు ఇంతకంటె గొప్ప పని యిచ్చిచూచిరి. ఒక పత్రమునకు శీర్షిక మార్చి, అక్కడక్కడ క్రియలను ఉత్తమపురుషనుండి ప్రథమపురుషకు త్రిప్పవలెను, అంతియే. అకాకికి చెమటలు పట్టినవి. నాకు నకలు వ్రాయుటయే యిప్పింపుడని వేడుకొనెను. నవ్వు వచ్చును, నిజమే. కాని ఇరువదియేండ్లుగా పిల్లలకు అచ్చులు హల్లులు దిద్దించుచున్న నాకు ఆ నవ్వు సగములోనే ఆగిపోవును. గుండ్రముగా కుదిరిన యొక 'ఱ' కారమును చూచి సంతోషించుట నాకును తెలియును.

ఆ ప్రేమతోనే అతడు కచేరి కాగితములను ఇంటికి తెచ్చుకొనును. భోజనము ముగియగానే సిరాబుడ్డి తీసి నకలు మొదలుపెట్టును. తెచ్చినవి లేకున్న తనకొఱకే యొక నకలు వ్రాసికొనును. ఆ రాత్రి గంటలకు జీతమెంతయని అతడడుగలేదు. ఇత్తుమని కచేరియు ననలేదు. మా శిబిరపు పుస్తకము కోరు ఆదర్శోద్యోగి యితడే.

గొగోల్ ప్రతిభ యెల్ల ఇటుపిమ్మటనే గలదు. కోటునకు 80 రూబుళ్లు కావలెను. అందులో సగము అతడెప్పటినుండియో కూర్చుకొన్నదే. తక్కిన సగమునకై సాయంకాలపు తేనీరు మానెను. వీధిలో బూట్లడుగులు అరగకుండ మెల్లగా నడచెను. రాత్రి కొవ్వొత్తి వెలిగించుట మానెను. ఏదైన పని చేయవలసివచ్చిన, ఇంటి యజమానురాలి గదికి పోయి ఆమె కొవ్వొత్తి వెలుతురున చేసికొనవలెనట. ఈ వాక్యమును నేను మునుపు పదిసార్లు చదివియుందును, ఈసారియే నిలిచిపోయితిని. ఇన్నియేండ్లు కచేరి పని చేయుటకు కాలిన కొవ్వొత్తి యెవరిది? గుమాస్తాది. అతడు ఊరక పనిచేసినవాడు మాత్రమే కాడు. ఊరక పనిచేయుటకు తన సొమ్ము వెచ్చించినవాడు. ఈనాడు ఇంటి విద్యుత్తుతో, సొంత చేతిఫోనులో, సొంత డేటాతో, రాత్రి పదింటికి బడి పట్టికలు నింపి పంపుచున్న ఉపాధ్యాయులకు ఇది విడమరచి చెప్పనక్కఱలేదు.

మఱియొకటి గమనింపుడు. క్రొత్తకోటు వచ్చిన దినమున అకాకి ఇంటికి వచ్చి భోజనము చేసి, ఏమియు వ్రాయలేదు. చీకటిపడువఱకు మంచముపై హాయిగా పండుకొనెను. కథలో నతడు నకలు ముట్టని సాయంకాలమిదియొక్కటే కనబడును. కోటు పోయిన మఱునాడు జీవితములో నొకేయొకసారి కచేరికి పోలేదు. మొదటిది సుఖమువలన, రెండవది దుఃఖమువలన. కాని రెండుమాఱులును అతడు తనకును తన కాలమునకును యజమానుడయ్యెను. అకాకికి కోటు పిచ్చి పట్టి పనిమీద ప్రేమ చెడినదని కొందఱు వ్రాయుదురు. నేనొప్పుకొనను. కోటు కాలరును తలచుకొనుచు వ్రాయగా అతని చేత నకలులో తప్పు దొరలబోయినమాట నిజము, దొరలలేదనుటయు నిజమే. మనుష్యునకు తన బ్రదుకుపై నొక కోరిక కలిగినంతమాత్రమున చేతిపని చెడదు.

ఆ సొమ్ము సమకూరిన విధమును చూడుడు. పండుగకు పై యధికారి 40, 45 కాక 60 రూబుళ్లు బహుమాన మిచ్చెను. అందువలననే కోటు త్వరగా వచ్చినది. ఆ యధికారి మంచివాడే. కాని యది కూలి కాదు, ఇనాము. ఈ యేడు 60 ఇచ్చిన చేయి మఱుసటి యేడు 20 ఇచ్చినను, అసలీయకున్నను అడుగుటకు హక్కులేదు. మా బడిలోను ఉపాధ్యాయ దినోత్సవమున శాలువయు, ఒక స్టీలు డబ్బాయు నిత్తురు. నాయింట నట్టి డబ్బాలు పదునాలుగున్నవి.

మఱుసటి యేడే, 1843లో, ఇంగ్లండున డికెన్సు క్రిస్మసు కరోలు వెలువడెను. అందును ఒక గుమాస్తా యున్నాడు: బాబ్ క్రాచిట్, వారమునకు 15 షిల్లింగులవాడు. పండుగనాడొక్క దినము సెలవిచ్చుటకు యజమానుడు స్క్రూజి గొణిగి, మఱునాడు అంతకంటె పెందలకడ రమ్మని శాసించును. డికెన్సు ఇక్కడ గొగోల్ చేయని మేలొకటి చేసెను. గుమాస్తాకు భార్యాబిడ్డల నిచ్చెను. పండుగ విందున బాబ్ తన యజమానుని పేర పానము చేయుదమనగా, అతని భార్య మొగము ఎఱ్ఱబడును. ఆ పిసినారి ఎదుటనున్నచో తగిన బుద్ధి చెప్పియుందునని పలికి, భర్తకొఱకును పండుగకొఱకును మాత్రమే గ్లాసెత్తును. గుమాస్తా నోట రాని మాట ఇల్లాలి నోట వచ్చినది. అయినను డికెన్సు ముగింపు నాకు రుచింపదు. దయ్యములు వచ్చి యజమానుని మనసు మార్చవలెను, మాఱిన మనసు జీతము పెంచవలెను! జీతము మరల దయాధర్మమే యైనది. గొగోల్ దయ్యము కోట్లు లాగుటలో నెక్కువ నిజమున్నది.

మనలో నిట్టి ప్రసంగము రాగానే గీత రెండవ యధ్యాయమును చూపువారు కలరు. సంస్కృతము చదివినవాడను గనుక ఒక్కమాట చెప్పెదను. ఫలాపేక్ష విడువుమని చెప్పబడినది పని చేయువానికి. అతని స్వధర్మమును గూర్చి, అతని చిత్తశాంతికై. అతడు విడిచిన ఫలమును వేఱొకడు సంచిలో వేసికొనవచ్చునని అందు లేదు. యజమానుని ధర్మము తెలియగోరువారు కౌటిల్యుని చూడవలెను. అర్థశాస్త్రము మూడవ యధికరణమున, కూలి యెగవేసినవానికి ఆ కూలిలో పదవవంతుగాని 6 పణములుగాని దండము విధింపబడినది. ఒప్పుకొన్నదానికంటె అధికముగా చేసిన శ్రమను వ్యర్థము చేయరాదనియు చెప్పబడినది. నిష్కామకర్మమును బోధించు మన శిబిరములవారు ఈ భాగమును చదివినట్లు కనబడదు.

సంస్కృతపు విష్టి శబ్దమే మన వెట్టి. తెలంగాణ పల్లెలలో దొరలు చేయించుకొన్న వెట్టి యెట్టిదో 1946లో మొదలైన పోరాటపు చరిత్ర చదివినవారికి తెలియును. నా సాయంకాలపు తరగతిని దానితో సమముచేయుట ఆ బాధ పడినవారి నవమానించుటయే యగును, నేనట్లనను. అయినను జీతము లేని గంట ఏ పేరు పెట్టినను జీతము లేని గంటయే. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి విధించెను. ఉపాధ్యాయుడన్ననో, పారిశ్రామిక వివాదముల చట్టమున చెప్పిన పనివాడు కాడని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బోధన పవిత్రవృత్తియని యందఱును పొగడుచున్నప్పుడు నాకు లోలోపల కొంచెము భయము.

నా సంగతియు చెప్పవలెను. తొలిదినములలో నేను పనిచేసిన యొక పాఠశాలలో మూడేండ్లు రాత్రి యెనిమిదింటివఱకు ఊరక చదివించితిని. విద్యాదానము చేయుచున్నానని కొంత గర్వమును ఉండెను. ఒకనాడు ఇంటికి వచ్చుసరికి పసిదానికి జ్వరము. నా భార్య ఒకచేత బిడ్డ, ఒకచేత నీళ్లబిందెతో గడపలో నున్నది. "ఆ రెండు గంటలూ మీరు బడికి ఊరికే ఇస్తున్నాననుకుంటున్నారు. ఇస్తున్నది నేనండీ," అనెను. కోపముగా ననలేదు; లెక్క చెప్పినట్లు చెప్పెను. నా రెండు గంటలను లెక్కించుకొని నొచ్చుకొనుచున్న నేను ఆమె తెల్లవారుజాము నాలుగింటినుండి చేయు పనిని ఏనాడును లెక్కింపలేదు. అకాకికి ఇల్లాలుండినచో గొగోల్ కథ వేఱొకతీఱున నడచియుండునని నాకు ఆనాటినుండి అనుమానము.

ఇప్పుడును నేను ఊరక చెప్పు పాఠమొకటి గలదు. శనివారము మధ్యాహ్నము ఇద్దఱు పిల్లలు రఘువంశము చదువుకొనుటకు మా యింటికి వత్తురు. దానికి నన్నెవరును నియమింపలేదు, నేనెవరికిని పట్టిక పంపను, మానవలెనన్న మానవచ్చును. అది నా సొంత నకలు. సాయంకాలపు తరగతి కచేరి కాగితము. రెండింటిలోను పిల్లలకు శ్రద్ధగానే చెప్పుదును. కాని రెండును ఒకే ఖాతాలో వ్రాసికొనను. చాలకాలము అట్లు వ్రాసికొనియే పాఠముమీద విసుగు తెచ్చుకొంటిని. తప్పు పాఠముది కాదు.

కథ తెచ్చియిచ్చినపుడు ఆ చిన్నవాడు, "అకాకి చచ్చిపోయిన సంగతి కచేరికి తెలిసిన మర్నాడే ఆ కుర్చీలో ఇంకో గుమాస్తా కూర్చున్నాడండీ, మనిషి కాస్త పొడుగట, అక్షరాలు ఏటవాలుగా రాస్తాడట," అని నవ్వెను. తరువాత నవ్వలేదు. ఇద్దఱము కూర్చుండి, సాయంకాలపు తరగతికి గంట కింతయని ప్రతిఫలమీయవలెననియు, లేనియెడల ఆ తరగతిని ఇష్టమున్నవారికే విడువవలెననియు యాజమాన్యమునకు ఒక విజ్ఞాపన వ్రాసితిమి. మఱి ఐదుగురు సంతకము చేసిరి. ఇద్దఱు చదివి తిరిగియిచ్చిరి. ఇచ్చి పండ్రెండు దినములైనది. బదులు రాలేదు. నిన్న సాయంకాలము అతని తరగతి కిటికీలో ఎనిమిదింటివఱకు దీపము వెలుగుచుండెను.