లోయ మునిగేలోగా

నాగార్జునకొండలో లాంచీ దిగినవాళ్లు మ్యూజియం దారి పడతారు. నా కాళ్లు మాత్రం స్నానఘట్టం వైపే లాగుతాయి. ఆ మెట్లు కొండమీదివి కావు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, కృష్ణ ఒడ్డున, సుమారు 1,700 ఏళ్ల కిందట పరిచినవి. వాటిని విప్పి, పైకి చేర్చి, మళ్ళీ కూర్చారు. ఎక్కడా అతుకు వేసినట్టు కనిపించదు.

ఏ.ఆర్. సరస్వతి 1926లో ఈ శిథిలాల జాడ కనిపెట్టారు. మరుసటి ఏడాది లాంగ్‌హర్స్ట్ తవ్వకం మొదలుపెట్టారు. ఇక్కడి పెద్ద స్తూపం, మహాచైత్యం లోపల ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా ఉంటాయి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. నిధికోసం వచ్చిన దొంగలు నట్టనడుమ తవ్వి పోయారు. ధాతువు, అంటే పవిత్ర అవశేషం, ఉన్న బంగారు భరిణె మాత్రం పక్కనున్న ఒక అరలో భద్రంగా ఉంది. ఆ నిర్మాణాన్ని అర ఒక్కటీ వదలకుండా వెతికిన ఓపికకు దొరికిన ఫలం అది.

అసలు పరీక్ష 1954లో వచ్చింది. నాగార్జునసాగర్ ఆనకట్ట కడితే విజయపురి ఉన్న లోయంతా మునుగుతుంది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన 1960 దాకా తవ్వారు. రాతియుగపు పనిముట్లు మొదలు విహారాలు, గుళ్ళు, మెట్ల వరసలున్న రంగస్థలం దాకా బయటపడ్డాయి. ఒకసారి తవ్విన పొర మళ్ళీ దొరకదు. మామూలు చోట్ల రేపటివాళ్ల కోసం కొంత నేల తవ్వకుండా వదిలేస్తారు. ఇక్కడ వదిలిందంతా నీళ్లపాలే. అందుకే కొలత, పటం, ఫొటో అన్నీ అప్పటికప్పుడే పడాలి. తొమ్మిది కట్టడాలను కొండమీద తిరిగి నిలిపారు. కొన్నింటికి నమూనాలు చేశారు. ఏది మోసుకెళ్లాలి, ఏది కాగితం మీద మాత్రమే మిగలాలి అని తేల్చడం, నా దృష్టిలో, పార పట్టడంకంటే బరువైన పని.

పురావస్తు శాస్త్రం చదవాలని ఉబలాటపడే పిల్లలకు నేను చూపించేది ఈ కొండనే. తవ్వకం ఈ వృత్తిలో చిన్న భాగం. ఆరేళ్ల తవ్వకం మీద నివేదిక తొలి సంపుటం 1975లో అచ్చయింది. రెండోది వచ్చేసరికి 2006. ఎవరో రాసిపెట్టిన కొలతలను నమ్మి, ఇంకొకరు కూర్చుని పూర్తిచేశారు.

ఈసారి లాంచీ ఎక్కితే తిరుగు ప్రయాణానికి తొందరపడకండి. ఘట్టం మెట్లమీద కాసేపు కూర్చుని, రాయికీ రాయికీ మధ్య సందును వేలితో తడిమి చూడండి.