బ్యాటరీలో అరగంట, కాగితాల్లో ఆరు నిమిషాలు

మా పాలమూరులో కరెంటు పోయిందంటే మోటరు ఆగినట్టే. నాగార్జునసాగర్ రన్‌వే నుంచి లేచి పెద్దవూర మీదికొచ్చే శిక్షణ సెస్నా 152 సంగతి వేరు. ఆల్టర్నేటర్ చెడినా ఇంజను నడుస్తూనే ఉంటుంది. స్పార్కు మాగ్నెటోలు ఇస్తాయి, బ్యాటరీతో పనిలేదు. పోయేవల్లా రేడియో, లైట్లు, ఫ్లాపులు, ఇంధనం మీటర్లు. విమానం మామూలుగానే ఎగురుతుంటుంది కనుక ఏమీ కానట్టే ఉంటుంది. అదే దీంతో వచ్చిన చిక్కు.

రెండు ప్రమాద నివేదికలు పక్కపక్కన పెట్టి చదివితే ఈ చిక్కు బాగా తెలుస్తుంది.

మొదటిది అమెరికాలోని ఎయిర్ ఇల్లినాయ్ 710. 1983 అక్టోబర్ 11 రాత్రి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లేచిన హెచ్‌ఎస్ 748 అది. మనవాళ్లు కాన్పూరులో తయారుచేసి ‘ఆవ్రో’ అని పిలుచుకున్న రకమే. లేచిన కాసేపటికే ఎడమ జనరేటర్ పోయింది. కో-పైలట్ పొరబడి, బాగున్న కుడిదాన్ని తప్పించాడు. అది మళ్లీ అందుకోలేదు. బయల్దేరిన విమానాశ్రయం వెనకాలే ఉంది. అయినా కెప్టెన్ బ్యాటరీలోని అరగంట కరెంటును నమ్ముకుని కార్బన్‌డేల్ వైపే సాగాడు. దారిలోనే బ్యాటరీ అడుగంటింది. పదిమందీ చనిపోయారు. కో-పైలట్ పొరపాటు కంటే కెప్టెన్ వెనక్కి తిరగకపోవడాన్నే విచారణ అసలు కారణంగా తేల్చింది.

రెండోది మన ఆకాశంలోది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430. ఉదయం 8:38కి బేగంపేటలో లేచింది. అక్కణ్నుంచి చిత్తూరుకు మ్యాపులో గీత గీస్తే అచ్చంపేట మీదుగా నల్లమలకు పోతుంది. ఇక్కడ కరెంటు పోలేదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వెలిగింది. దానికి ఏం చేయాలో చెప్పే పేజీ వెతకడంలోనే ఆరు నిమిషాలకు పైగా గడిచాయని విచారణ కమిటీ రాసింది. బయట మబ్బు, వాన. వెనక్కి మళ్లే నిర్ణయం సకాలంలో జరగలేదు. కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పింది. అయిదుగురూ పోయారు. ఆ ఆయిల్ లోపం నేరుగా కూల్చింది కాదు, ధ్యాస మళ్లించింది.

రెండింటినీ ఒకే గాటన కట్టలేం. నల్లమలలో సిబ్బంది చేసింది, ఎంత చెడ్డ వేళలోనైనా, నియమం చెప్పిన పనే. పుస్తకం తీయడం తప్పు కాదు, ఇద్దరి కళ్లూ అందులోనే ఉండిపోవడం తప్పు. 710 కెప్టెన్‌కు అంత తొందర లేదు. ఆలోచించుకునే వ్యవధి ఉంది, దాన్ని గమ్యం చేరడానికి వాడేశాడు. నా లెక్కలో ఈ తప్పే పెద్దది.

సెస్నా 152 మాన్యువల్‌లో ఆల్టర్నేటర్ చెడితే ఏం చేయాలో చెప్పడానికి చోటు కొన్ని వరుసలే. రేడియోలు కట్టేయి, బ్రేకర్ చూడు, మాస్టర్ స్విచ్ ఆపి మళ్లీ వెయ్యి. వోల్టేజి తగ్గిందని హెచ్చరించే ఎర్రలైటు మళ్లీ వెలిగితే ఆల్టర్నేటర్ ఆపు, అనవసరమైనవన్నీ కట్టేయి. ఆఖరి వరుసలో ఉన్నది, వీలైనంత త్వరగా ప్రయాణం ముగించమని.