వీపు గట్టిపడ్డాకే జీను

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలు అనగానే తెల్లటి గుర్రాలు గుర్తొస్తాయి. కానీ ఆ లిపిజానర్ జాతి పిల్లలు పుట్టేది నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో. ఏటా కొంచెం కొంచెంగా రంగు విడుస్తూ పూర్తిగా తెల్లబడేసరికి ఆరు నుంచి పదేళ్ళు పడుతుంది. పొద్దుటి సాధనలో తెల్లటివాటి మధ్య బూడిదరంగు గుర్రం కనిపించిందంటే, అది ఇంకా పాఠాలు నేర్చుకుంటున్న కుర్రదని పోల్చుకోవచ్చు. ఆ కుర్ర గుర్రం వీపు మీదికి రౌతు వచ్చేది దాదాపు నాలుగో ఏట.

పందేల లోకంలో లెక్క వేరు. అక్కడ థరోబ్రెడ్ అనే పందెపు జాతి పిల్లలు రెండో ఏటనే రౌతును మోస్తూ పరుగెత్తుతాయి. పైగా ఉత్తరార్ధగోళంలో ప్రతి థరోబ్రెడ్‌కూ జనవరి 1నే పుట్టినరోజుగా లెక్క కడతారు. అంటే మే నెలలో పుట్టిన పిల్లకు కాగితం మీద రెండేళ్ళు నిండేనాటికి ఒంటికి ఇంకా ఇరవై నెలలే. వియన్నా బడి మాత్రం కాగితాన్ని కాక గుర్రాన్ని చూస్తుంది. అలా ఆగినందుకు ఫలితమూ అందుకుంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన గుర్రాలు అక్కడ ప్రదర్శనల్లో పాల్గొనడం వింతేమీ కాదు.

కొండ మీద ఎదిగే ఏళ్ళు

లిపిజానర్ జాతి పెంపకం 1580లో, ఇప్పటి స్లొవేనియాలోని లిపిజాలో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1920లో, ఆస్ట్రియా తన గుర్రాలను స్టీరియా ప్రాంతంలోని పీబర్‌కు చేర్చింది. వియన్నాకు వచ్చే పోతు గుర్రాలన్నీ ఇక్కడ పెరిగినవే. పాలు మాన్పించి ఏడాది నిండాక, పిల్లలను వేసవిలో గుంపుగా కొండల మీది పచ్చిక బయళ్ళకు తోలతారు. అక్కడ నేల చదునుగా ఉండదు. అన్నీ రాళ్ళు, వాలు దారులు. ఉన్నట్టుండి వాన, చలి. డెక్క ఎక్కడ ఆనించాలో పిల్ల తనంతట తానే చూసుకోవాలి. తోటి పిల్లలతో పెనుగులాడుతూ ఎంతవరకు వెళ్ళవచ్చో, ఎక్కడ తగ్గాలో నేర్చుకుంటుంది.

చూసేవాళ్ళకు ఇవి ఖాళీగా గడిచిన ఏళ్ళలా అనిపిస్తాయి. నిజానికి గుర్రం చదువులో సగం ఇక్కడే పూర్తవుతుంది. ఎదిగే వయసులో స్వేచ్ఛగా పరుగెత్తిన పిల్లల ఎముకలు, లాయంలో కట్టేసి పెంచినవాటికంటే గట్టిగా తయారవుతాయని పశువైద్య పరిశోధనలు చెబుతున్నాయి. పిల్ల గుర్రానికి కదలిక ఎంత అవసరమో, బరువు మోత నుంచి విరామం కూడా అంతే అవసరం. పీబర్ పద్ధతిలో ఈ రెండూ ఉన్నాయి.

ఎముక చెప్పే లెక్క

పొడవు ఎముకల కొసల దగ్గర మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక సాగేది అక్కడే. ఎదుగుదల ముగిశాక ఆ పొర కూడా గట్టి ఎముకగా మారిపోతుంది. గుర్రంలో ఇది స్థూలంగా కింది నుంచి పైకి జరుగుతుంది. డెక్క పైనున్న చిన్న ఎముకలు మొదటి ఏడాదిలోనే స్థిరపడతాయి. ముందు కాలి మోకాలి పైభాగం గట్టిపడడానికి రెండేళ్ళో, రెండున్నరేళ్ళో పడుతుంది. అన్నిటికంటే ఆలస్యం వెన్నెముకది. వెన్నుపూసల ఎదుగుదల ఐదేళ్ళు దాటాక గానీ పూర్తికాదు. జీను వేసేది సరిగ్గా ఆ వెన్ను మీదే. మోకాలి ఎక్స్‌రే చూసి సిద్ధమైపోయిందని తీర్మానించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు.

అందుకే నాలుగో ఏట రౌతు ఎక్కినా, గుర్రం పూర్తిగా తయారైందని ఈ బడి అనుకోదు. అప్పటి పని తేలికగా ఉంటుంది, పాఠం కొద్దిసేపే. పచ్చికుండలో నీళ్ళు పోసినట్టు లేత వెన్ను మీద పూర్తి బరువు మోపితే, నష్టం ఆ రోజే కనబడకపోవచ్చు. ఎనిమిదో ఏటనో తొమ్మిదో ఏటనో కుంటు రూపంలో, వీపు నొప్పి రూపంలో బయటపడుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఈ నిదానం నిన్నమొన్నటిది కాదు. వియన్నా బడి తన గురువుగా చెప్పుకునే ఫ్రెంచి అశ్వశిక్షకుడు గెరినియేర్ 18వ శతాబ్దంలోనే శిక్షణకు ఆరు, ఏడు, ఎనిమిదేళ్ళ గుర్రాలు తగినవని రాశాడు. అంతకు రెండు వేల ఏళ్ళ ముందే గ్రీకు రచయిత జెనొఫోన్, కుర్ర గుర్రాన్ని ముందు మనుషులకు మచ్చిక చేసి, జనసమ్మర్దంలో నడిపించి, బెదిరినప్పుడు కొట్టకుండా నెమ్మదిగా నచ్చజెప్పాలని బోధించాడు.

నోరు తెరిచి చూస్తే

వీపు సంగతి అందరూ మాట్లాడతారు, నోటి సంగతి తక్కువమంది పట్టించుకుంటారు. రెండున్నర ఏళ్ళకు ముందుపళ్ళలో నడిమి జంట పాలపళ్ళు ఊడుతాయి. మూడున్నరకు వాటి పక్క జంట, నాలుగున్నరకు చివరి జంట. ఇదే కాలంలో దవడపళ్ళ మీది పాలపళ్ళు కూడా టోపీల్లా ఊడివస్తుంటాయి. మగ గుర్రాలకు నాలుగైదేళ్ళ మధ్య కోరలు మొలుస్తాయి. కళ్ళెపు కడ్డీ ఆనేది ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్యనున్న ఖాళీ చిగురు మీద. పక్కనే పన్ను మొలుస్తున్నప్పుడు ఆ చోటు వాచి సలుపుతుంటుంది. పిల్ల తల విదిలించినా, నాలుక బయటపెట్టినా, పగ్గం లాగినప్పుడు ఒకే పక్కకు మొరాయించినా అది పొగరు కాదు. ముందు నోరు చూపించాలి. చిగురు సర్దుకునేదాకా కళ్ళెం పక్కన పెట్టి, ముక్కుపట్టీతోనే పని నడపాలి.

తాడు, జీను, ఆపైన రౌతు

వియన్నాలో మొదటి పాఠం నేల మీది నుంచే మొదలవుతుంది. శిక్షకుడు పొడవాటి తాడును ముక్కుపట్టీకి కట్టి, పెద్ద వృత్తంలో గుర్రాన్ని తిప్పుతాడు. నడక, ట్రాట్ అనే చిన్న పరుగు, మాట వినగానే ఆగడం. వీపు మీద ఏ బరువూ లేకుండా గుర్రం తన తూకం తాను వెతుక్కుంటుంది. తర్వాత జీను వేస్తారు. నడికట్టును ఒక్కసారిగా కాక, నడిపిస్తూ కొంచెం కొంచెంగా బిగిస్తారు. రౌతు మొదట ఎక్కేటప్పుడు ఒకరు తల దగ్గర నిలబడి గుర్రాన్ని పట్టుకుంటారు. గుర్రం ఊపిరి బిగబట్టిందా, చెవులు వెనక్కి పడ్డాయా, వీపు విల్లులా వంచిందా అని చూస్తారు. కుదురుగా నిలబడితే చక్కెర ముక్క. అక్కడి రౌతుల పొడవాటి కోటు వెనక, చక్కెర దాచుకోవడానికే ఒక జేబు ఉంటుంది.

మొదటి ఏడాదంతా నేరుగా, హుషారుగా ముందుకు సాగడమే చదువు. రెండో ఏడాది మలుపులు, వృత్తాలు, పక్క అడుగులు. ఆ తర్వాతే ఉన్నత విద్య. వెనక కాళ్ళ మీద లేచి నిలవడం, గాలిలోకి దూకడం లాంటివి బలమూ ప్రతిభా ఉన్న కొన్నిటికే నేర్పుతారు. మొత్తానికి ఆరేళ్ళ పని. ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే నియమం ఒకటుంది. కొత్త రౌతుకు పాఠం చెప్పేది ముసలి గుర్రం, కుర్ర గుర్రానికి పాఠం చెప్పేది ఆరితేరిన రౌతు. ఏమీ తెలియని ఇద్దరిని అక్కడ ఎప్పుడూ జత చేయరు. ఈ విద్యను యునెస్కో 2015లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మనం నేర్చుకోవలసింది

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో గుర్రపుస్వారీ నేర్చుకునే పిల్లలు పెరుగుతున్నారు. మార్వారీ, కాఠియావాడీ గుర్రాలను కొనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఆల్ప్స్ కొండలు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. కొనేటప్పుడు అమ్మేవాడి మాటతో సరిపెట్టుకోకుండా పశువైద్యుడితో పళ్ళు చూపించి వయసు తేల్చుకోవాలి. మూపు కంటే పిర్రలు ఎత్తుగా కనిపిస్తే ఎదుగుదల ఇంకా సాగుతోందని అర్థం. డెక్కలు ఎత్తనివ్వడం, తోటి గుర్రాలకు దూరంగా ఒంటరిగా నిలబడడం, వీపు మీద గుడ్డ వేస్తే కుదురుగా ఉండడం రాని పిల్లకు జీను మాట ఎత్తకూడదు. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది పెద్ద గుర్రాలకు చెప్పే లెక్క. కుర్రదానికి అంతకంటే చాలా తక్కువే ఉండాలి. మొదలుపెట్టాక తోక విదిలించడం, నడికట్టు చూడగానే కరవబోవడం, అడుగు కురచబడడం కనిపిస్తే పాఠం ఆపేసి, కొన్ని నెలలు మేతకు వదిలేయండి. ఆ కొన్ని నెలలు పోయినా గుర్రానికి పదేళ్ళ పని మిగులుతుంది. తొందరపడి ఎక్కితే మాత్రం ఆ పదేళ్ళే పోవచ్చు.