ఈ మాట ఎవరింటికి?

మా సంఘాల్లో చాడీలకు చోటు లేదు. ప్రార్థన విన్నపాలకు మాత్రం ఎప్పుడూ చోటుంటుంది. ఈ సంగతి చాడీకి బాగా తెలుసు. అందుకే తలమీద కొంగు కప్పుకొని, బైబిలు చంకన పెట్టుకొని, విన్నపం వేషంలో వచ్చి మన పక్కనే కూర్చుంటుంది.

తొర్రూరులో వారం మధ్యన ఇళ్లల్లో జరిగే కూడికలకు పోయేవాళ్లకు ఆ వరస ఎరుకే. పాటలైపోతాయి, వాక్యమైపోతుంది. "విన్నపాలుంటే చెప్పుండ్రి" అంటారు కూడిక నడిపే అమ్మగారు. ఒకామెకు మోకాళ్ల నొప్పులు. ఒకాయన కొడుక్కి ఉద్యోగ పరీక్ష. ఇంకొకరి మిర్చి తోటకు తెగులు. ఇంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక గొంతు కాస్త తగ్గుతుంది. "మనోళ్లల్లనే ఒక కుటుంబం... బిడ్డ అత్తగారింటికాడికెళ్లి వచ్చింది... మల్ల పోతలేదు..." చాపల మీదున్న వాళ్లంతా ఒక్కసారిగా ముందుకు వంగుతారు. మోకాళ్ల నొప్పులు చెప్పినప్పుడు ఎవరూ వంగలేదు.

ఇలాంటి చోటే ఒక అమ్మగారు చేసిన పని నాకు నచ్చింది. విన్నపం చెబుతున్న ముసలమ్మ ఇంటిపేరు దాకా వచ్చేసింది. "అవ్వా, పేరొద్దు. దేవునికి అడ్రసు మనం చెప్పాల్నా?" అన్నారామె నవ్వుతూ. అందరూ నవ్వారు, అవ్వతో సహా. ఆ బిడ్డ కోసం ప్రార్థన జరిగింది. ఎవరి బిడ్డో తెలియకుండానే జరిగింది. ప్రార్థనకు వచ్చిన లోటేమీ లేదు.

నోటికి కావలి పెట్టమని దేవుణ్ణి అడిగే ప్రార్థన 141వ కీర్తనలో ఉంది. పొద్దున్నే దాన్ని చదువుకోవడం నాకు అలవాటు. కావలివాడి పని తలుపు మూసిపెట్టడమే అయితే వాడెందుకు, తాళం చాలు. వచ్చేపోయేవాణ్ణి ఆపి "ఎవరింటికి?" అని అడగడం వాడి పని. నాలుక విషయంలో నేను చేసే సాధనంతా ఆ ఒక్క ప్రశ్నే. నోటిదాకా వచ్చిన ఈ మాట ఎవరికి చేరాలి? ఎదురుగా ఉన్నది వాళ్లేనా?

సంఘస్థుల అబ్బాయి బెల్టు షాపు దగ్గర కనబడ్డాడనుకోండి. ఆ మాట ముందు చేరాల్సింది ఆ అబ్బాయికి. వినకపోతే వాళ్ల నాయనకు. బస్టాండు దగ్గర చాయ్ తాగే దోస్తుకు కాదు, సంఘపెద్దకు అప్పుడే కాదు. కానీ చాయ్ దగ్గర చెప్పడం సులువు. ఆ అబ్బాయి కళ్లల్లోకి చూసి చెప్పాలంటే గుండె దడ. ముఖం మీద అనలేని మాటను వీపు వెనక అనే హక్కు లేదని పెట్టుకుంటే, చాలా మాటలు గడప దాటకుండానే చస్తాయి. మిగిలినవి నిజంగా చెప్పాల్సినవి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు దీనికి మెట్లు కట్టి పెట్టాడు. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతడూ ఒంటరిగా మాట్లాడుకోవాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుపోవాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనం అవే మెట్లు పైనుంచి కిందికి దిగుతాం. ముందు సంఘానికంతా తెలుస్తుంది, తర్వాత ఇద్దరు ముగ్గురు గుమిగూడతారు, ఆఖరుకు ఎప్పుడో ఆ మనిషికి తెలుస్తుంది. అదీ తన గురించి ఊరంతా ప్రార్థన చేస్తోందని మూడోవాడు చెబితే.

వినేవాళ్ల చేతిలో కూడా ఒక పని ఉంది. ఎవరైనా మొదలుపెట్టగానే "ఆయనకు చెప్పినవా అన్నా?" అని మెల్లగా అడగడం. నింద వేసినట్టు కాదు, ఆరా తీసినట్టు. అక్కడితో సగం కథలు ఆగిపోతాయి. కట్టెలు లేకపోతే మంట ఆరిపోతుందని సామెతల గ్రంథం 26వ అధ్యాయం చెప్పేది కొండెగాడి సంగతే. ఆ కట్టెలు అందించేది మాత్రం మన చెవులు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు అన్నది ఫోను రాకముందు. ఇప్పుడు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పడుతుంది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసకడతాయి. ఎవరో ఇంకో గ్రూపుకు పంపుతారు. చెప్పినాయన ఇంకా ఖమ్మం రోడ్డు దాటకముందే మాట దుబాయిలో ఉన్న అల్లుడి చెవిన పడుతుంది. మెసేజ్ తీసేసే సౌకర్యం ఉంది గానీ విన్నదాన్ని తీసేసే సౌకర్యం ఏ కంపెనీ ఇవ్వలేదు.

అలాగని నాలుక అదుపంటే కొన్ని మాటలను నిషేధించి పట్టిక తయారుచేయడం కాదు. మా దిక్కు తల్లి "సచ్చినోడా, పొద్దటిసంది ఏడికి పోయినవురా, తిన్నవా?" అంటూనే అన్నం కలిపి పెడుతుంది. అది శాపమని ఏ పిల్లాడూ అనుకోడు. మరోపక్క "వందనాలు బ్రదర్" అని చేయి కలిపి, ఆ చేయి వదిలేలోపే ముఖం తిప్పుకునేవాళ్లున్నారు. యాకోబు పత్రిక ఒకే నోటితో దేవుణ్ణి స్తుతించి మనుషుల్ని శపించడాన్ని పట్టుకున్నప్పుడు ఎక్కువ భయపడాల్సింది రెండోవాళ్లే.

ఆ పత్రిక మూడో అధ్యాయం మాకు సండే స్కూల్లోనే నోటికొచ్చేది. గుర్రం నోటి కళ్లెం, ఓడ చుక్కాని, అడవిని కాల్చే చిన్న నిప్పు. అయితే ఆ అధ్యాయం ఎవరిని హెచ్చరిస్తూ మొదలవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. బోధకుల్ని. చాలామంది బోధకులు కావద్దని, వాళ్లకు తీర్పు మరింత కఠినమని చెప్పాకే యాకోబు నాలుక జోలికి వస్తాడు. అంటే ఆ నిప్పు ముందు మైకు పట్టుకున్నవాడి నోట్లో ఉంది. మన దగ్గర మాత్రం నాలుక మీద ప్రసంగం అనగానే చూపులన్నీ ఆడవాళ్లు కూర్చున్న చాపల వైపు మళ్లుతాయి. మొగుడు కొడుతున్నాడని చెప్పుకొనే బిడ్డకు "నోరు అదుపుల పెట్టుకో తల్లీ" అని బుద్ధి చెప్పేవాళ్లున్నారు. ఆ ఇంటికి పోయి ఆ మొగుడి ఎదురుగా కూర్చునేవాళ్లు ఏరీ? అక్కడ నోరు మూసుకోవడం భక్తి కాదు, పిరికితనం.

ఎదురుగా మాట్లాడడమంటే ఏమిటో మా జిల్లాకు తెలియని సంగతి కాదు. తొర్రూరు, డోర్నకల్ మునుపు వరంగల్ జిల్లాలో ఉండేవి, 2016 నుంచి రెండూ మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాయి. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య మిషనరీగా డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, ఇక్కడి జనంలో కలిసిపోయాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సభ నిండా తెల్లవాళ్లు. అక్కడ అజరయ్య లేచి, మీరు బీదలకు మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలర్పించారు, మాకు కావాల్సింది స్నేహం, అది ఇవ్వండి అనే అర్థంలో అడిగాడు. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు నిండలేదు. మిషనరీలు మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని డోర్నకల్‌లో నలుగురి మధ్య గొణుక్కుని ఊరుకోవచ్చు, కానీ ఆయన అలా చేయలేదు. ఆ మాట ఎవరికి చేరాలో వాళ్ల ముందే చెప్పాడు. కొందరు నొచ్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన దగ్గర బాప్తిస్మం పొందినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొర ముందు "బాంచన్" తప్ప వేరే మాట పలకనివ్వని కాలం అది. అలాంటివాళ్లతో ఆయన వాళ్ల తలమీద వాళ్ల చేయే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. క్రైస్తవుడి నోటి గురించి ఈ గడ్డ మీద నేర్పిన తొలి పాఠాల్లో అదొకటి. మూసుకోమని కాదు, తెరవమని.

కాబట్టి నోటికి కావలి అడిగే ప్రార్థనతో పాటు, ముఖాముఖి చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు పెగిలే ధైర్యం కూడా అడగాలి. మొదటిది అందరం అడుగుతున్నాం. రెండోది ఈ వారం అడిగి చూద్దాం.