మనవాడేనా? ‘బొహీమియన్ రాప్సొడీ’ మీద కొన్ని మాటలు

పరదేశంలో ఎవరికైనా పేరొస్తే మనం ముందు అడిగే ప్రశ్న, “మనవాడేనా?” అని. క్వీన్ బృందపు గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ విషయంలో అవునని చెప్పడానికి చాలామందే పోటీపడతారు. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గుజరాత్ మూలాలున్న పార్సీలు. చదువు మహారాష్ట్రలో, పంచగని బోర్డింగ్ స్కూల్లో. పేరొచ్చింది ఇంగ్లండులో.

మస్కట్‌లో ఉన్న మాబోటివాళ్లకు ఇంకో తీగ కూడా దొరుకుతుంది. ఆయన పుట్టేనాటికి జాంజిబార్ బ్రిటిష్ రక్షణలో ఉన్నా, గద్దె మీద ఉన్నది ఒమాన్ నుంచి వెళ్లిన రాజవంశపు సుల్తానే. 1964 జనవరి తిరుగుబాటులో సుల్తాన్ జంషీద్ దీవి వదిలి ఇంగ్లండు చేరాడు. బుల్సారా కుటుంబం కూడా అదే ఏడు అక్కడికే చేరింది. 1970 తర్వాత జాంజిబార్ ఒమానీలు చాలామంది మస్కట్‌కు తిరిగొచ్చారు. వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ స్వాహిలీ వినిపిస్తుంది. జంషీద్ కూడా 2020లో ఒమాన్ వచ్చి, 2024 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశాడు.

అయితే ‘బొహీమియన్ రాప్సొడీ’ ఇల్లు పోగొట్టుకున్నవాడి పాట అని తేల్చేయొచ్చా? తొందరపడకూడదు. పాటలో జాంజిబార్ పేరు లేదు, పంచగని లేదు. అర్థమేమిటో మెర్క్యురీ చివరిదాకా విప్పి చెప్పనూ లేదు. కాబట్టి పుట్టుపూర్వోత్తరాలు కాసేపు పక్కన పెట్టి, పాట ఎలా తయారైందో చూద్దాం.

1975 ఆగస్టులో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. తర్వాత మరికొన్ని స్టూడియోలు తిరిగింది. బృందంతో కలిసి నిర్మాతగా పనిచేసింది రాయ్ థామస్ బేకర్. టేపులో ఉన్నవి 24 ట్రాకులే. అందుకని గొంతు మీద గొంతు ఎక్కించి, అన్నిటినీ కలిపి ఒక ట్రాకులోకి దించి, ఖాళీ అయినచోట మళ్లీ పాడారు. తిరిగి తిరిగి టేపు పూత అరిగిపోయి, అవతలి వెలుతురు కనబడేదట! పెద్ద గుంపు పాడినట్టుండే ఆ ఒపేరా భాగంలో ఉన్నవి మూడే గొంతులు: మెర్క్యురీ, బ్రయన్ మే, రోజర్ టేలర్. మనకిది మరీ కొత్తేం కాదు. బుర్రకథలో కథకుడూ ఇద్దరు వంతలూ కలిసి పల్నాటి సైన్యాన్నంతా వేదిక మీదికి దింపేస్తారు కదా!

ఈ పాటకు తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. హత్య చేసిన కుర్రాడు తల్లితో చెప్పుకునే గోడుగా, ముందు భాగం చాలావరకు పియానో మీద మెల్లగా సాగుతుంది. తర్వాత ఒక విచారణ సభ. వదిలేయమనే వాళ్లు కొందరు, వదలం అనే వాళ్లు కొందరు. అక్కడ ఇటాలియన్ నాటకపు విదూషకుడూ, గెలీలియో పేరూ, ‘బిస్మిల్లా’ అన్న అరబ్బీ మాటా ఒకే చోట చేరతాయి. ఆపైన రాక్ గిటార్లు విరుచుకుపడతాయి. చివరికి మళ్లీ మెల్లని పియానో.

లోపం లేదనను. ఒపేరా భాగంలో మాటలకు పొందిక తక్కువ. చాలావరకు మోత కోసం ఏరుకున్న పేర్లే. కానీ ఆ సభలో దోషిగా నిలబడ్డ గొంతూ, అరుస్తున్న గుంపులోని గొంతూ ఒకరివే. తన మీద తీర్పు చెప్పే జనాన్ని తన గొంతుతోనే పుట్టించుకున్నాడు. ఊరు వదిలి, పేరు మార్చుకుని బతికినవాడికి ఆ సభ తెలియకుండా ఉంటుందా? ఆయన ఉద్దేశం ఇదేనని చెప్పలేను గానీ, నాకు వినిపించేది మాత్రం ఇదే.

పాట నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. రేడియో వాళ్లు అంతసేపు వెయ్యరని రికార్డు కంపెనీ వెనకాడింది. కెన్నీ ఎవరెట్ అనే లండన్ రేడియో వ్యాఖ్యాత రెండు రోజుల్లో 14 సార్లు వేశాడు. అక్టోబరు 31న విడుదలై, బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. టీవీ కోసం నవంబరులో తీసిన చిన్న ఫిల్ము తర్వాతి మ్యూజిక్ వీడియోలకు దారి చూపింది. 1991లో మెర్క్యురీ పోయాక మళ్లీ అయిదు వారాలు మొదటి స్థానం. ఈ పాట పేరుతోనే 2018లో సినిమా వచ్చింది. మరి పుట్టిన చోట? 2006లో ఆయన అరవయ్యో పుట్టినరోజు వేడుక తలపెడితే, మతసంస్థ ఒకటి అభ్యంతరం చెప్పడంతో ఆగిపోయింది.

మన ప్రవాస కథల్లో ఆవకాయ జాడీ, సంక్రాంతి ముగ్గు, ఎయిర్‌పోర్టులో అమ్మ కన్నీళ్లు తప్పనిసరి సామాను అయిపోయాయి. అవి అబద్ధాలని కాదు. కానీ ఊరి పేరు పదిసార్లు రాసినంత మాత్రాన ఊరు కథలోకి రాదు. ఈ పాటలో ఊరి పేరు ఒక్కసారీ లేదు. అయినా ఎక్కడెక్కడి మాటలో, ఎక్కడెక్కడి గొంతులో ఒక కప్పు కింద ఇమడలేక ఇమిడిన తీరులోనే వలస వచ్చినవాడి ఇల్లు కనబడుతుంది. మనవాడేనా అన్న ప్రశ్న కన్నా, మనం ఇలా రాయగలమా అన్నదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.