తాండూరు ఎండలో మైక్రాన్

తాండూరు అంటే నాపరాయి, సిమెంటు, కంది. మెషినిస్టు పనికి మాత్రం బాలానగర్ పేరే చెబుతాం. కారణం లేకపోలేదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది, బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో వచ్చింది. మన వికారాబాద్ జిల్లా కుర్రాడు ఐటీఐ ముగించి రైలెక్కేదీ అటే. అయితే కచ్చితమైన పనంతా అక్కడ, ఇక్కడున్నది ఉత్త రిపేరు అన్న లెక్క తప్పంటాను.

సిమెంటు ఫ్యాక్టరీలో ఫ్యాన్ షాఫ్టునే తీసుకోండి. బేరింగ్ కూర్చునే చోటు అరిగితే వెల్డింగ్‌తో నింపి, లేత్ మీద తిప్పి మళ్లీ సైజుకు తేవాలి. 100 మిల్లీమీటర్ల షాఫ్టుకు కె6 ఫిట్ అడిగారనుకుందాం. అసలు సైజు మీద కనీసం 3, గరిష్ఠంగా 25 మైక్రాన్లు ఎక్కువుండాలి. మొత్తం వెసులుబాటు 22 మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో దాదాపు మూడో వంతు. అంతకు తగ్గితే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారుతుంది, పెరిగితే బిగుసుకుని బేరింగ్ వేడెక్కుతుంది. దీనికి తోడు మన ఎండ. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 40 డిగ్రీల షెడ్డులో అదే ఉక్కు షాఫ్టు సుమారు 23 మైక్రాన్లు లావెక్కుతుంది, అంటే వెసులుబాటు మొత్తం ఎండకే సరి. మైక్రోమీటరూ ఉక్కుదే, అదీ వేడెక్కుతుంది కనుక చాలా మటుకు సర్దుకుంటుంది. కానీ అప్పుడే తిప్పిన జాబ్ మైక్రోమీటరు కన్నా వేడిగా ఉంటుంది. చల్లారకముందు కొలిచి సరిపోయిందనుకుంటే, చల్లారాక సైజు తక్కువ! ఎప్పుడు కొలవాలో తెలిసినవాడే మెషినిస్టు.

సీఎన్‌సీ వచ్చాక ఇదంతా దేనికంటారా? ప్రోగ్రాం చెప్పిన చోటికే టూల్ వెళ్తుంది, నిజమే. కానీ లోహాన్ని కోసే ముక్క, అంటే ఇన్సర్టు, అరిగిన సంగతి ప్రోగ్రాంకు తెలియదు. కొలిచి, ఆ అరుగుదలను సరిదిద్దే ఆఫ్‌సెట్ ఎంత మార్చాలో మనిషే తేల్చాలి. ప్రోబ్ ఉన్న మెషీన్ తనే కొలుచుకుంటుంది గానీ, ప్రోబ్ సరిగ్గా ఉందో లేదో మళ్లీ మనిషే చూడాలి. పైగా వేల ముక్కలు చేసే చోట మొదటిది పాడైనా రెండోదుంటుంది. రిపేరుకొచ్చిన షాఫ్టు ఒక్కటే. ఆ లెక్కన తాండూరు లేత్ షాపు పనే కష్టం.

అసలు బరువైన అభ్యంతరం జీతం. బటన్ నొక్కేవాడికీ సెట్టింగ్ చేసేవాడికీ ఒకే కూలి కట్టే చోట ఎవరైనా ఎందుకు నేర్చుకుంటారు? పనితనం ఉంటే డబ్బు దానంతటదే వస్తుందన్న మాట నేనూ నమ్మను. ఆ తేడా కూలి రేటులో కనపడాల్సిందే, అది యజమానుల బాధ్యత. ప్రభుత్వం బాధ్యత మరొకటుంది. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు. కొత్త మెషీన్లతో పాటు 20 డిగ్రీల కొలతల గది కూడా కట్టండి. మెషినిస్టు ట్రేడ్ రెండేళ్లలో కొన్ని నెలలైనా పిల్లల్ని రిపేరు లేత్‌ల దగ్గరికి పంపండి.